షోరూంలో అరిచి లాభం లేదు, కాగితం పెట్టండి: కన్జ్యూమర్ కేసు మీరే వేసుకోవడం ఎలా

మా పిన్ని వాళ్ళు సంక్రాంతి ఆఫర్‌లో 28,400 పెట్టి డబుల్ డోర్ ఫ్రిజ్ కొన్నారు. ఏప్రిల్ వచ్చేసరికి కింద భాగం చల్లబడటం మానేసింది. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి విరిగిపోయేవి. టెక్నీషియన్ నాలుగుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ వెనక ఏదో తట్టి, "రేపటికి సెట్ అయిపోతుందమ్మా" అని చెప్పి, పిన్ని ఫోన్‌కి వచ్చిన నాలుగంకెల కోడ్ చెప్పించుకుని వెళ్ళిపోయాడు. ఐదోసారి వచ్చి గ్యాస్ లీకైంది, వారంటీలో రాదు, 4,200 కట్టండి అన్నాడు. బాబాయికి ఒళ్ళు మండి షోరూంకి వెళ్ళి గొంతు చించుకుని వచ్చాడు. ఏం లాభం, మేనేజరు గదిలోంచి బయటికే రాలేదు.

ఆ తర్వాత విషయం నా దగ్గరికొచ్చింది. లాయర్ లేకుండానే కేసు వేశాం, డబ్బులు వెనక్కి వచ్చాయి. ఆ దారిలో మేం ఏం చేశామో, ఏ తప్పులు చేశామో ఇక్కడ రాస్తున్నాను. ఫ్రిజ్ అనే కాదు, కుట్టు పాడుచేసిన బొటిక్కైనా, డబ్బు కట్టించుకుని క్లాసులు ఆపేసిన కోచింగ్ సెంటరైనా వరుస ఇదే.

ముందు ఒక్క నిమిషం: మీది కన్జ్యూమర్ కేసేనా?

డబ్బిచ్చి వస్తువు గానీ సేవ గానీ మీ వాడకానికి తీసుకున్నారా, అయితే మీరు వినియోగదారులే. తిరిగి అమ్ముకోవడానికి, వ్యాపారం కోసం కొంటే కాదు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్నది వ్యాపారం కింద లెక్కలోకి రాదు, కాబట్టి ఇంట్లో కుట్టుకునే అక్క కొన్న కుట్టుమిషను, చిన్న టిఫిన్ సెంటర్ నడుపుకునే ఆయన కొన్న గ్రైండరు పాడైనా కేసు వేయొచ్చు. ఇంకోటి, బిల్లు మీ పేరు మీదే ఉండాలని లేదు. కొన్నవాళ్ళ అనుమతితో వాడుతున్నవాళ్ళు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. డాలస్‌లో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో కొని గుంటూరులో అమ్మానాన్నల ఇంటికి పంపిన టీవీ వారంలో ఆగిపోతే, ఆ పెద్దవాళ్ళు తమ ఊరి జిల్లా కమిషన్‌లోనే (మనం కన్జ్యూమర్ కోర్టు అనేది ఇదే) ఫిర్యాదు చేసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియక "బిల్లు వాడి పేరు మీద ఉంది కదా" అని వదిలేస్తుంటారు.

ఆసుపత్రి వైద్యం కూడా డబ్బు తీసుకుని చేస్తే ఈ చట్టం కిందికే వస్తుంది, సుప్రీంకోర్టు 1995లోనే తేల్చేసింది. లాయర్ల సేవలు మాత్రం రావని అదే కోర్టు 2024లో చెప్పింది. (లాయర్ మీద కన్జ్యూమర్ కోర్టుకి వెళ్ళలేమన్నమాట. ఎందుకు అని నన్నడక్కండి.)

ఎవరో ఫోన్ చేసి ఓటీపీ తీసుకుని ఖాతా ఖాళీ చేశారనుకోండి, అది దీనికి సంబంధం లేని వ్యవహారం. ఇదంతా చదవడం ఆపేసి వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆ విషయంలో ప్రతి నిమిషం లెక్కే.

మొదటి పని: ఆధారం, ఇంకా ఆధారం

అసలు కేసు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. కమిషన్ ముందు మీ కోపం ఎవరికీ కనపడదు, కాగితం ఒక్కటే కనపడుతుంది.

బిల్లు వెతకండి. పోయిందా, కార్డు మీదో యూపీఐ మీదో కట్టి ఉంటే బ్యాంక్ స్టేట్‌మెంట్ తీయండి, షోరూంవాళ్ళ దగ్గర మీ మొబైల్ నంబర్ కొడితే డూప్లికేట్ బిల్లు వస్తుంది, అడగండి. థర్మల్ కాగితం బిల్లు అయితే ఈ రోజే ఫొటో తీసి పెట్టుకోండి, ఆరు నెలల్లో అచ్చు ఎగిరిపోయి తెల్లకాగితం మిగులుతుంది. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం దానికదే అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో రాసి ఉంది.

వారంటీ కార్డు మొత్తం చదవండి, ముఖ్యంగా చిన్న అక్షరాలు. మా కేసులో గ్యాస్ వారంటీలో రాదని టెక్నీషియన్ నోటితో చెప్పాడు గానీ కార్డులో మొదటి ఏడాది అన్ని భాగాలకీ ఉచితం అని ఉంది. గ్యాస్ గురించి ఒక్క ముక్క లేదు.

ఇక ఆ కోడ్ సంగతి. కంపెనీల భాషలో దాన్ని హ్యాపీ కోడ్ అంటారట. మీరది చెప్పారంటే మీ కంప్లైంట్ "పరిష్కారమైంది, కస్టమర్ సంతృప్తి" అని మూసేస్తారు. మా పిన్ని నాలుగుసార్లు చెప్పింది కాబట్టి కంపెనీ రికార్డులో ఆవిడ నాలుగుసార్లు సంతోషించింది! కాబట్టి వస్తువు బాగై, ఒక పూట వాడి చూసేదాకా కోడ్ చెప్పకండి. కుర్రాడు "నా టార్గెట్ అండి, ప్లీజ్" అని బతిమాలతాడు, పాపం నిజంగానే అతనికి ఇబ్బందే, అయినా చెప్పకండి. జాబ్ షీట్ మీద సంతకం పెట్టాల్సివస్తే "సమస్య తీరలేదు" అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టి, ఫొటో తీసుకోండి. ఇప్పటికే చెప్పేసి ఉంటే కంగారు లేదు, వెంటనే కొత్త కంప్లైంట్ పెట్టండి. వారం పదిరోజుల తేడాతో ఒకే సమస్య మీద నాలుగు కంప్లైంట్ నంబర్లున్నాయంటే అవే మీ సాక్ష్యం. మాకు చివరికి పనికొచ్చింది ఆ వరుసే.

వీడియో తీయండి. ఫ్రిజ్ అయితే లోపల ఒక థర్మామీటర్ పెట్టి, ఆ రోజు పేపరు పక్కన పెట్టి తీయండి. ఆన్‌లైన్ పార్సిల్ అయితే కత్తెర పెట్టకముందు నుంచీ, అంటే పైన లేబుల్ కనపడేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా విప్పేదాకా. ఫోన్లో మాట్లాడిన ప్రతి మాటా ఆ సాయంత్రమే ఈమెయిల్‌గా కొట్టండి: "ఈ రోజు మధ్యాహ్నం మీ ప్రతినిధి ఫలానా మాట చెప్పారు, తప్పైతే తెలియజేయగలరు." వాళ్ళు జవాబివ్వకపోయినా ఆ మెయిల్ మీ ఫైల్లో ఉంటుంది.

అన్నట్టు, కస్టమర్ కేర్ నంబర్ గూగుల్లో వెతికి మొదట కనపడినదానికి ఫోన్ చేయకండి. దొంగ నంబర్లు బోలెడు. బిల్లు మీద, వారంటీ కార్డు మీద, కంపెనీ సొంత యాప్‌లో ఉన్నదే వాడండి.

రెండు: కంపెనీకి రాతపూర్వకంగా ఒక అవకాశం

ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆ యాప్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, మెయిల్ ఉండి తీరాలి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. చాట్‌లో బాట్‌తో కుస్తీ పడేకంటే సూటిగా ఆ మెయిల్‌కి రాయడం మేలు. షాపులో కొన్నదైతే షాపుకీ కంపెనీకీ ఇద్దరికీ రాయండి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద బోర్డు చూపిస్తే భయపడకండి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోవాల్సిందే. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకోనంటే అదీ అనుచిత వ్యాపార పద్ధతే. రంగు నచ్చలేదు, మనసు మారింది అంటే మాత్రం ఈ హక్కు లేదు, అది షాపువాడి ఇష్టం.

మూడు: 1915

ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. వెబ్‌సైట్‌లో, ఉమంగ్ యాప్‌లో, 88000 01915 నంబర్‌కి వాట్సాప్‌లో కూడా పెట్టొచ్చు. నేను వెబ్‌సైట్‌లోనే పెట్టమంటాను, ఎందుకంటే బిల్లు, ఫొటోలు జత చేయొచ్చు, చెప్పేది సరిగ్గా మన మాటల్లోనే నమోదవుతుంది. వెయ్యికి పైగా కంపెనీలు వీళ్ళతో ఒప్పందంలో ఉన్నాయి, అలాంటి కంపెనీ అయితే ఫిర్యాదు నేరుగా వాళ్ళ లోపలి విభాగానికి చేరుతుంది. రీఫండ్ ఆపిన ఆన్‌లైన్ కంపెనీలు, విమాన టికెట్లు, ఇలాంటివి చాలావరకు ఇక్కడే తెగిపోతుంటాయి.

కానీ హెల్ప్‌లైన్‌కి ఆర్డరు వేసే అధికారం లేదు. కంపెనీ "మా తప్పేం లేదు" అని రాసేస్తే కథ అంతే. మాకు అదే అయింది: "కస్టమర్ కోడ్ ధ్రువీకరణతో సమస్య పరిష్కరించబడింది" అని రెండు లైన్లు. అయినా ఆ డాకెట్ నంబర్ (అంటే హెల్ప్‌లైన్ ఇచ్చే ఫిర్యాదు నంబర్), ఆ జవాబు ప్రింట్ తీసి ఉంచండి. ఇంకో సంగతి, కమిషన్‌కి వెళ్ళడానికి గడువు సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్ళు. హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నడుస్తున్నా ఆ గడియారం ఆగదు.

బ్యాంకు మీదైతే ముందు బ్యాంకుకే రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) వెళ్ళండి, ఖర్చేమీ ఉండదు. ఇన్సూరెన్స్‌కి బీమా భరోసా పోర్టల్, ఆపైన హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫ్లాటు ఆలస్యమైతే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ. ఇవి ఉన్నాయి కదా అని కన్జ్యూమర్ కమిషన్ దారి మూసుకుపోదు, రెరా ఉన్నా కన్జ్యూమర్ కేసు వేయొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏదో ఒకటి ఎంచుకుని అందులోనే గట్టిగా నడవడం మంచిది.

నాలుగు: నోటీసు

చట్టం ప్రకారం నోటీసు తప్పనిసరి కాదు, లాయర్ చేతే ఇప్పించాలని అసలే లేదు. అయినా ఇవ్వండి. సగం కేసులు కాకపోయినా కొన్నైనా ఇక్కడ దిగివస్తాయి, రాకపోతే "వీళ్ళు మాకు చెప్పనే లేదు" అనే మాట వాళ్ళకి ఉండదు. తెల్లకాగితం మీద చాలు. మేం రాసింది దాదాపు ఇలా ఉంది:

"జనవరి 12న మీ షోరూంలో ఫలానా నంబరు బిల్లుపై రూ.28,400 చెల్లించి ఫ్రిజ్ కొన్నాము. ఏప్రిల్ 9 నుంచి కింది అర చల్లబడటం లేదు. దీనిపై ఐదుసార్లు ఫిర్యాదు చేశాము, నంబర్లు కింద ఇచ్చాము. ఇది వారంటీ కాలంలోని తయారీ లోపం. ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా కొత్త ఫ్రిజ్ ఇవ్వాలి లేదా పూర్తి సొమ్ము వాపసు చేయాలి. లేనిపక్షంలో వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాము, ఖర్చులకు మీరే బాధ్యులు."

తిట్లు వద్దు, "మీ సంగతి సోషల్ మీడియాలో తేలుస్తా" లాంటివి అసలు వద్దు, రేపు అదే కాగితం కమిషన్ చదువుతుంది. షోరూంకి ఒకటి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి ఒకటి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు దాచి, పోస్టల్ సైట్‌లో డెలివరీ అయినట్టు చూపించే పేజీ వెంటనే ప్రింట్ తీసుకోండి, కొన్నాళ్ళకి ఆ వివరం సైట్‌లో కనపడదు. ఈమెయిల్‌లో కూడా ఒక కాపీ పడేయండి.

ఐదు: కేసు

జనం ఇంకా కన్జ్యూమర్ ఫోరం అంటారు గానీ ఇప్పుడు పేరు జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. మీరు కట్టిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, అది దాటి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన ఢిల్లీలో జాతీయ కమిషన్. మీరు అడిగే నష్టపరిహారం ఇక్కడ లెక్క కాదు, చెల్లించిన సొమ్మే లెక్క. కోటి రూపాయల ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయినా కట్టిన ప్రీమియం వేలల్లో ఉంటే జిల్లా కమిషనే.

ఫీజు 5 లక్షల దాకా సున్నా. 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. ఇదీ ఖర్చు. దీనికి భయపడి 28 వేలు వదిలేసుకునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఎక్కడ వేయాలి? పాత చట్టంలో కంపెనీ ఉన్నచోటికో కొన్నచోటికో పరిగెత్తాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు ఉంటున్న చోట గానీ, ఉద్యోగం చేసుకుంటున్న చోట గానీ వేయొచ్చు. బెంగళూరులో కొని ఇప్పుడు కర్నూల్లో ఉంటుంటే కర్నూల్లోనే. కొత్తగా ఏర్పడిన జిల్లాల్లో చాలావాటికి విడిగా కమిషన్ లేదు, పాత జిల్లా కేంద్రంలో ఉన్నదే చూస్తుంది, వేసేముందు మీ మండలం ఎవరి కిందకి వస్తుందో కనుక్కోండి.

ఆన్‌లైన్‌లో వేయడానికి ఈ-జాగృతి అనే పోర్టల్ 2025 జనవరి 1న వచ్చింది. పాతవాళ్ళు ఈ-దాఖిల్ అని చెప్తే కంగారుపడకండి, దాని పని ఇప్పుడు ఇందులోనే. మొబైల్, మెయిల్ ఓటీపీలతో ఖాతా తెరిచి, వివరాలు నింపి, పీడీఎఫ్‌లు ఎక్కించాలి. ఎక్కించాక అక్కడి ఆఫీసుకి ఫోన్ చేసి కాగితం సెట్లు కూడా కావాలా అని అడగండి.

ఫిర్యాదులో ఉండాల్సింది: మీరెవరు, ఎదుటి పక్షాలెవరు, ఏ తేదీన ఏం జరిగింది, రెండేళ్ళ గడువు దాటలేదని, ఈ కమిషన్ పరిధిలోకి ఎందుకొస్తుందో ఒక పేరా, మీకేం కావాలి, జత చేసిన పత్రాల జాబితా. దీనికి నోటరీ చేయించిన అఫిడవిట్ ఒకటి, "పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం" అని. ఫోన్ వీడియోలు, స్క్రీన్‌షాట్లు పెడుతుంటే అవి ఏ ఫోన్లోంచి తీశారో చెప్పే ధ్రువపత్రం కూడా జత చేస్తే తర్వాత పేచీ ఉండదు.

ఎదుటి పక్షాల్లో షోరూం, తయారీ కంపెనీ ఇద్దరినీ పెట్టండి. ఒక్కరినే పెడితే "తప్పు నాది కాదు, వాడిది" అని రెండోవాడి మీదకి నెడతారు, అప్పుడు మళ్ళీ పిటిషన్ వేసి వాడిని చేర్చడానికి రెండు మూడు వాయిదాలు పోతాయి. మేం మొదట షోరూంని వదిలేద్దామనుకున్నాం, తెలిసిన అబ్బాయి అక్కడ పనిచేస్తున్నాడని. పిన్నే వద్దంది, మంచిపని చేసింది.

ఇక కోరిక దగ్గర అత్యాశ వద్దు. కట్టిన సొమ్ము, దాని మీద కేసు వేసిన తేదీ నుంచి వడ్డీ, ఇబ్బందికి ఒక ఐదో పదో వేలు, ఖర్చులు. ఫ్రిజ్‌కి మానసిక వేదన కింద 10 లక్షలు అని రాస్తే బెంచ్ మీద కూర్చున్నవాళ్ళకి మీ మీద నమ్మకం సగం పోతుంది. పాలు, కూరగాయలు పాడైన లెక్క మేం నెలకింత అని రాశాం, దానికి బిల్లులు ఎక్కడున్నాయని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. రుజువు లేనిది రాయకండి.

ఆరు: వాయిదాలు

వేశాక 21 రోజుల్లోగా స్వీకరించాలా వద్దా తేలుస్తారు. స్వీకరిస్తే ఎదుటివాళ్ళకి నోటీసు వెళ్తుంది, అందిన 30 రోజుల్లో వాళ్ళు జవాబు వేయాలి, కమిషన్ మహా అయితే ఇంకో 15 రోజులు ఇవ్వగలదు, అంతకుమించి ఇవ్వడానికి లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో గట్టిగా చెప్పింది. కాబట్టి నోటీసు అందిన తేదీ రాసిపెట్టుకోండి, 46వ రోజు జవాబు తెచ్చి ఇవ్వబోతే లేచి నిలబడి "గడువు దాటింది సార్" అనండి.

మీ కేసు మీరే వాదించుకోవచ్చు. నల్లకోటు అక్కర్లేదు, ఇంగ్లీషు దంచక్కర్లేదు. వీడియో కాన్ఫరెన్స్ అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది. పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదంటే ల్యాబ్‌కి పంపుతారు, ఫీజు ముందు మీరే కట్టాలి. మామూలు కేసు 3 నెలల్లో, పరీక్ష ఉన్నది 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, వాయిదాల లెక్క వేరు, ఏడాది అయినా ఆశ్చర్యపోకండి. ఒక్కటి మాత్రం చేయండి, ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టకండి. వరసగా రాకపోతే కేసు కొట్టేస్తారు.

ఓడిపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు. కంపెనీ ఓడి అప్పీలుకి వెళ్ళాలంటే ఆర్డరైన సొమ్ములో సగం ముందు కట్టాలి. ఆర్డరు వచ్చినా కట్టకుండా కూర్చుంటే ఆర్డరు అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయండి, కమిషన్ ఆర్డరు ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మాది అంతదాకా పోలేదు. కమిషన్ నోటీసు అందిన మూడో వారంలో కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, పూర్తి డబ్బు ఇస్తాం, కేసు వెనక్కి తీసుకోండి అంది. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు, ముందు విత్‌డ్రా మెమో మీద సంతకం పెట్టి పంపేస్తారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాళ్ళుండరు. మేం మెయిల్‌లో రాయమన్నాం, 28,400తో పాటు 5,000 ఖర్చులు అడిగాం, 3,000 దగ్గర తెగింది. ఫ్రిజ్ తీసుకెళ్ళే ఖర్చు వాళ్ళదే అని కూడా రాయించాం. డబ్బు బాబాయి ఖాతాలో పడ్డాక, పాస్‌బుక్ ఎంట్రీ చూసుకుని, తర్వాతి వాయిదాకి వెళ్ళి మెమో ఇచ్చాం. ఫ్రిజ్ తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాడు బండి ఎక్కించాక కోడ్ చెప్పమన్నాడు. పిన్ని ఈసారి మెసేజ్ రెండుసార్లు చదివించుకుని, పికప్ కోడే అని తేలాకే చెప్పింది.